గృహారోగ్యము: ఊపిరితిత్తుల రోగికి టీకా వేయింపవచ్చునా?

ఈ మాసమున వడియములను గూర్చియు, ఎండకాలపు టూరగాయలను గూర్చియు వ్రాయుదునని క్రిందటి సంచికలో మాట యిచ్చితిని. ఆ మాట తప్పుచున్నందుకు మన్నింపుడు. మా యింట జరిగిన యొక సంగతి నా మనస్సును విడువకున్నది. దానిని చెప్పుకొనుట నాకు సిగ్గుగానున్నది. చెప్పకున్నచో మీలో నెవరికో యదే పొరపాటు జరుగవచ్చును. కావున సిగ్గు విడిచి చెప్పుచున్నాను.

మేము బోరబండలో కాపురముందుము. మా వారు బడిపంతులు. అత్తగారు, బావగారు, మా తోడికోడలు, మేము, మా యిద్దరు పిల్లలు, అందరమును మూడు గదుల యింటిలో నున్నాము. బావగారికి ఏబదియెనిమిదేండ్లు. పడుచుతనమున బీడీలు కాల్చి పదేండ్ల క్రిందట మానివేసిరి. రెండేండ్ల క్రిందట విడువని దగ్గు పట్టుకొన్నది. మొదట క్షయయేమో యనుకొంటిమి. పరీక్షలన్నియు జరిగిన పిమ్మట ఊపిరితిత్తుల కాన్సరని తేలినది. మా అమ్మమ్మ దినములలో దీనిని రాచపుండనెడివారు, పేరెత్తుటకే జంకెడివారు. మేమును ఆ పేరు విన్ననాడు పొయ్యి వెలిగింపలేదు.

రోగపు ముక్కను పరీక్షించి, వైద్యులు ఇమ్యూనోథెరపీ యను చికిత్సను నిర్ణయించిరి. మూడు వారముల కొకమారు ఆసుపత్రికి పోయి సెలైనువలె నెక్కించుకొని వచ్చుటయే ఆ చికిత్స. జుట్టు రాలలేదు. వాంతులు లేవు. నాలుగు నెలలకు దగ్గు తగ్గి, బావగారు మరల సాయంకాలమున పిల్లలచేత ఎక్కములు చెప్పించుచు వాకిట కూర్చుండిరి. మా తోడికోడలి ముఖమున కళ వచ్చినది.

గడచిన భాద్రపదమున మా చిన్నవాడు బడినుండి జలుబుతో వచ్చినాడు. రాత్రికి జ్వరము. వానిని పెదనాన్నగారి దగ్గరకు పోనీయరాదని నాకు తోచినది. అత్తగారితో నంటిని. "జలుబు చేసిన పిల్లవాని నింటిలోనే వెలివేయుదువా? వాడు పెదనాన్న ప్రక్కన పండుకొననిదే నిద్రపోడు" అనిరి. నేనింక మాటాడలేదు. మాటాడకపోవుటయే నా మొదటి తప్పు.

మూడవనాడు బావగారికి జ్వరము, పొడిదగ్గు. మిరియాలు, తులసి, శొంఠి వేసి కషాయము కాచి యిచ్చితిని. మూడు దినములు అట్లే గడపితిని. ఇది రెండవ తప్పు. నాలుగవ యుదయమున ఆయన మంచముపైనుండి లేచి గుమ్మమువరకు రాలేకపోయిరి. వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు ఎనుబదియెనిమిది చూపినది. ఆసుపత్రిలో చేర్చితిమి. పరీక్షలో నది ఫ్లూ, అనగా ఇన్‌ఫ్లుయెంజా, యని తేలినది. అక్కడ డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న యిది: "వీరికి ఫ్లూ టీకా వేయించితిరా?"

వేయింపలేదు. చికిత్స జరుగుచున్నచోట ఆ మాట మాకెవరును చెప్పలేదు, మేమును అడుగలేదు. పైగా, "ఈ మందు దేహబలమును రెచ్చగొట్టును, దానిపై టీకా కూడ వేసినచో బలము తిరుగబడి ప్రాణము తీయును" అని తెలిసినవారొకరు చెప్పగా నేను నమ్మితిని. మా తోడికోడలికిని చెప్పితిని. ఇది మూడవ తప్పు, అన్నిటికంటె పెద్దది. మొదటి రెండింటిలో నాకు తెలియకుండుట కలదు. దీనిలో తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట కలదు.

పదునొకండు దినములకు బావగారు ఇల్లు చేరిరి. రెండుమార్లు ఎక్కింపవలసిన మందు వెనుకబడినది. ఆ పదునొకండు దినములలో ఆసుపత్రి బల్లపై కూర్చుండి నేనడిగి తెలిసికొన్నవియు, పిమ్మట మా వారు తెచ్చి యిచ్చిన వైద్యగ్రంథములనుండి చదివి గ్రహించినవియు మీ ముందుంచుచున్నాను.

మొదట ఈ చికిత్స యెట్టిదో తెలియవలెను. మన రక్తములో తెల్లకణములు కావలివారు. పరాయిదానిని గుర్తించి చంపుట వాని పని. తనవారినే చంపకుండుటకు ఆ కణములకు పగ్గములు గూడ కలవు. కాన్సరు కణము మన దేహమున పుట్టినదే గాన, "నేను మీదాననే" యని చూపి ఆ పగ్గమును లాగి పట్టుకొనును. రావణుడు సన్యాసివేషమున వచ్చినపుడు సీతమ్మవారు భిక్ష పెట్టబోయినట్లు, కావలికణము మోసపోయి ఊరకుండును. జపానులోని క్యోటోలో తసుకు హోంజో పరిశోధనశాలవారు 1992లో పీడీ-1 అను పగ్గమును కనుగొనిరి. అమెరికాలో జేమ్సు ఆలిసను అను నాయన మఱియొక పగ్గమును గూర్చి శోధించెను. వీరిరువురకు 2018లో నోబెలు బహుమానము లభించినది. నివోలుమాబు, పెంబ్రోలిజుమాబు అను మందులు ఆ పీడీ-1 పగ్గమును విప్పునవి. 2015 మొదలు ఊపిరితిత్తుల కాన్సరునకు అమెరికాలో వీనిని వాడుటకు అనుమతి కలిగినది. నేడు మన నగరమునను వాడుచున్నారు. అందరికిని ఇవి పనిచేయవు. పొగ త్రాగని స్త్రీలకు వచ్చు ఈ రోగములో ననేకమారులు వేరు మాత్రలే మేలుగా నుండును. ఏది తగునో ముక్క పరీక్షయే చెప్పవలెను.

కాబట్టి కీమోథెరపీవలె ఇది తెల్లకణములను చంపు మందు కాదు. అట్లయిన ఈ రోగులకు వైరసులవలన నేల యింత యపాయము? కారణము లనేకములు. ఊపిరితిత్తియే దెబ్బతినియున్నది. వయస్సు మీరియుండును. పూర్వము త్రాగిన పొగ తన గుర్తును విడిచియుండును. కొందరకు కీమోను గూడ కలిపి యిత్తురు. విప్పిన పగ్గములవలన కావలికణములు సొంత యవయవములనే కొట్టినపుడు, దాని నడచుటకు స్టెరాయిడులను ఎక్కువ మోతాదున ఈయవలసివచ్చును. అప్పుడు నిరోధకశక్తి నిజముగనే తగ్గును.

2020లో కోవిడు వచ్చినపుడు ఈ యపాయము లోకమునకు కన్నులార కనబడినది. ఛాతీలో కాన్సరుండి కోవిడు సోకినవారి వివరములను ఎనిమిది దేశముల వైద్యులు కూర్చిరి. ఆ యేడు ప్రకటించిన మొదటి లెక్కలో 200 మందిలో 66 మంది మరణించిరి. వారిలో ననేకులు ఆసుపత్రిలో చేర్పబడినవారే యైనను, మూడింట నొకవంతన్నమాట గుండె నదరగొట్టును. అయితే ఆ లెక్కలోనే యింకొక మాటయు కలదు. ఇమ్యూనోథెరపీ పొందుటవలన మరణము హెచ్చినట్లు కనబడలేదు. పొగ త్రాగిన చరిత్రతోనే మరణమునకు సంబంధము కనబడినది. మందు శత్రువు కాదని యిందువలన గ్రహింపవలెను.

ఇక టీకా. మన పంజగుట్టలోని నిమ్సు ఆసుపత్రిలోనే 2020 జూలైలో కోవాక్సిను టీకాను ఆరోగ్యవంతులపై మొట్టమొదట పరీక్షించిన చోట్లలో నొకటి నడచినది. ఆ టీకాను చేసినవారును మన హైదరాబాదువారే. 2021 మార్చి 1వ తేదీన అరువదేండ్లు దాటినవారికిని, నలుబదియైదేండ్లు దాటి పెద్ద జబ్బులున్నవారికిని టీకా మొదలుపెట్టినపుడు, ఆ జబ్బుల పట్టికలో కాన్సరు చికిత్స పొందువారిని ప్రభుత్వము చేర్చినది. అనగా కాన్సరువారు వెనుకకు తగ్గవలసినవారు కారు, ముందు నిలువవలసినవారు.

మాకు చెప్పబడిన భయమునకు మూల మెక్కడ నున్నది? అదియు వెదకితిని. స్విట్జర్లాండులో 23 మంది ఊపిరితిత్తుల రోగులకు, ఈ మందు నడచుచుండగా, ఫ్లూ టీకా వేసి చూచిరి. 2018లో ప్రకటించిన ఆ ఫలితములో సొంత యవయవములను కొట్టు వికారములు ఎక్కువగా కనబడినవని వ్రాసిరి. భయమునకు అది బీజము. అయితే 23 మంది కొలది మంది మాత్రమే. పిమ్మట న్యూయార్కులో ఈ మందు పొందుచు ఫ్లూ టీకా వేయించుకొన్న 370 మందిని పరిశీలింపగా అట్టి హెచ్చు కనబడలేదని 2020లో ప్రకటించిరి. 2021లో ఇజ్రాయెలునుండి, ఈ మందు పొందుచు కోవిడు టీకా రెండు మోతాదులు వేయించుకొన్న 134 మంది వృత్తాంతము వచ్చినది. వారికిని కొత్త వికారములు పుట్టలేదు. చేయి నొప్పి, అలసట, ఒక దినపు జ్వరము, ఇంతే. మొదటి మాట వేగముగా పాకినది. దానిని సరిదిద్దిన మాట మా వీధివరకు రాలేదు. చెడుమాటకు కాళ్లెక్కువ యని మన పెద్దలూరక యనలేదు.

2025 అక్టోబరులో ఇంకొక విషయము వెలువడినది. అమెరికాలో, ముదిరిన ఊపిరితిత్తుల కాన్సరునకు ఈ చికిత్స మొదలిడుటకు ముందో వెనుకో 100 దినములలోపల ఎంఆర్‌ఎన్‌ఏ జాతి కోవిడు టీకా వేయించుకొన్నవారు, వేయించుకొననివారికంటె ఎక్కువ కాలము జీవించినట్లు పాత రికార్డులలో కనబడినది. వేయించుకొననివారిలో సగముమంది 20.6 నెలలకు మించి జీవింపగా, వేయించుకొన్నవారిలో సగముమంది 37.3 నెలలకు మించి జీవించిరట. ఇది విని యాసపడుట సహజము. కాని రెండు మాటలు మరువరాదు. పాత రికార్డులను చూచి చెప్పినది ఋజువు కాదు; టీకా వేయించుకొన్నవారు ముందే కొంత బలముగలవారై యుండవచ్చును. మఱియు మన దేశమున జనులకు వేసినవి చాలవరకు కోవిషీల్డు, కోవాక్సిను. అవి ఆ జాతివి కావు. కావున టీకాను కాన్సరునకు మందని యెంచి వేయింపరాదు. వైరసునుండి రక్షణకై వేయింపవలెను.

ఇంటి యిల్లాలు తెలిసికొనవలసిన నియమములను వరుసగా వ్రాసెదను.

ఒకటి: చికిత్స మొదలిడుటకు ముందే టీకాల మాట యెత్తవలెను. రెండు మూడు వారములు ముందు వేయించుట యుత్తమము. అట్లు కుదరనిచో చికిత్స నడచుచుండగనైనను జీవము లేని టీకాలు వేయింపవచ్చును. కీమోను గూడ కలిపి యిచ్చుచున్నను, స్టెరాయిడులు ఎక్కువగా వాడుచున్నను టీకా పట్టుట తగ్గును గాన, దినమును వైద్యుడే నిర్ణయింపవలెను. టీకా కొఱకని చికిత్సను మన యంతట మనము ఆపరాదు.

రెండు: ఫ్లూ టీకా యేటేటను వేయింపవలెను, ఏలయన ఆ వైరసు ఏటేటను రూపు మార్చును. మన దేశమున ఫ్లూ రెండు కాలములలో విజృంభించును. జనవరి మొదలు మార్చివరకు నొకమారు, వానలు ముదిరిన పిమ్మట నొకమారు. కావున ఆవకాయ పెట్టు దినములలోనే ఈ టీకా మాటయు తలచుకొనుడు. చేతికి వేయు సూదినే కోరవలెను. ముక్కులో చల్లు జాతి జీవముగలది గాన రోగికి తగదు.

మూడు: న్యుమోకాకసు టీకా. ఇది వైరసునకు కాదు, బాక్టీరియాకు. అయినను వైరసు తలుపు తీసిన యింటిలో దూరు దొంగ యిదియే; ఫ్లూ వెనుక వచ్చు న్యుమోనియా పలుమారు దీనివలననే.

నాలుగు: అక్కి. చిన్ననాడు వచ్చిన ఆటలమ్మ వైరసు నరములలో దాగియుండి, ముసలితనముననో నీరసముననో అక్కియై లేచును. మన పల్లెలలో కుమ్మరిచే కావిమట్టితో అక్కి వ్రాయించు ఆచారము కలదు. వ్రాయించినను మానినను, పొక్కులు కనబడిన మూడు దినములలోపల వైరసు మాత్రలు మొదలిడవలెను. దీనికి జీవము లేని టీకా మన దేశమునను దొరకుచున్నది, రెండు మోతాదులు, వెల యెక్కువ. కలిగినవారు వైద్యునడిగి చూడవచ్చును.

ఐదు: చికిత్సకు ముందు హెపటైటిసు-బి రక్తపరీక్ష జరిగినదో లేదో అడుగుడు. కాలేయములో నిద్రించు ఆ వైరసు కాన్సరు చికిత్సలో మేల్కొనవచ్చును. ముందే తెలిసినచో మాత్రలతో నాపవచ్చును.

ఆరు: జీవముగల టీకాలు రోగికి మన యంతట వేయింపరాదు. ఇంటి పసిపిల్లలకు పోలియో చుక్కలు, రోటావైరసు చుక్కలు వేయునపుడు ఇట్టి రోగి యింటనున్నాడని వైద్యునకు ముందుగా తెలుపవలెను. భయపడి బిడ్డల టీకాలు మానిపింపరాదు. చుక్కలు వేసిన బిడ్డ మలపు గుడ్డలను రోగి ముట్టరాదు. ఉతికినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

ఏడు: ఇది మనకు ముఖ్యము. రోగికి టీకా పూర్తిగా పట్టకపోవచ్చును. అపుడు ఇంటివారి టీకాయే ఆయన చుట్టు గోడ. రోగి యొక్కనికి వేయించి మనము మానుట, వాకిలి మూసి పెరటితలుపు తెఱచియుంచుటయే.

ఇంకొక సంగతి చెప్పక తీరదు. ఈ మందువలన కొందరకు ఊపిరితిత్తులే వాచును. దానికిని దగ్గు, ఆయాసము, జ్వరము. వైరసు న్యుమోనియాకును అవే గుర్తులు. ఒకదానికి స్టెరాయిడులు మొదలిడవలెను. రెండవదానికి వైరసు మందు కావలెను. మా బావగారిని చేర్చిననాడు వైద్యులు స్కాను, ముక్కునుండి తీసిన తడి పరీక్ష, రక్తపరీక్ష అన్నియు చేసి, ఏదియో తేల్చుకొనుటకు సాయంకాలమువరకు పట్టినది. అంతటి చదువరులకే అట్లుండగా నా కషాయపు గిన్నె యేమి తేల్చును? ఫ్లూ మందు గుర్తులు కనబడిన రెండు దినములలోపల మొదలిడినచో బాగుగా పనిచేయునట. ఆ రెండు దినములు నేను మిరియములు నూరుటలో పోగొట్టితిని. కషాయము విషము కాదు. ఆరోగ్యవంతుని జలుబునకు అది హాయి. కాని ఈ చికిత్సలోనున్నవారికి జ్వరము 100.4 డిగ్రీలు దాటినను, కొత్త దగ్గు వచ్చినను, ఆక్సిమీటరు 94కు దిగినను ఆ దినమే ఆసుపత్రికి తెలుపవలెను. పోయినపుడు, "ఈయన ఇమ్యూనోథెరపీ పొందుచున్నారు" అని మొదటి మాటగా చెప్పవలెను. ఏ మందు, కడపట ఏనాడెక్కినది, ఒక కాగితముపై వ్రాసి రోగి జేబులో నుంచుడు. ఏడాది క్రిందట మందు ఆపినను ఈ మాట చెప్పవలసినదే. దాని ప్రభావము చిరకాలముండును.

మా పేటలో ఇండ్లు ఒకదాని నొకటి యానుకొని యుండును. గాలికి చోటు తక్కువ. ప్రత్యేకమైన గది యనుట ఎందరికో కలలోని మాట. మాకును లేదు. అయినను మేమిప్పుడు చేయుచున్నది చెప్పెదను. జలుబు చేసినవారు వంటింటివైపు పండుకొందురు, బావగారు వీధి కిటికీవైపు. కిటికీ తెఱచియే యుండును. జలుబున్నవారు ముఖమునకు మాస్కు కట్టుకొందురు. ఆసుపత్రికి పోవునపుడు ఎర్రగడ్డలో మెట్రో నెక్కి, జనము పలుచనైన వేళ చూచి పోవుదుము. ఆయన మాస్కు తీయరు. చికిత్సకు లక్షలగుచున్నవి, ఫ్లూ టీకా ఒక మోతాదు వేయి రూపాయలు దాటును, ఇంటిల్లిపాదికి వేయించుట బడిపంతులు జీతమున సులువు కాదు. ఈయేడు సంక్రాంతికి చీర మానితిని. ఇది గొప్పకు చెప్పుట లేదు. పదునొకండు దినముల ఆసుపత్రి లెక్క చూచినవారికి ఎవరికైనను అదే తోచును.

బావగారు ఇల్లు చేరిన రాత్రి, నేను మా తోడికోడలి దగ్గర కూర్చుండి, "అక్కయ్యా, టీకా వద్దని చెప్పినది నేను. అది వట్టి వినికిడి మాట. నా వలననే యింత జరిగినది" అని యేడ్చితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "నీవు చెప్పితివి, నేను విన్నాను. ఇద్దరమును డాక్టరునడుగలేదు. ఇకమీద అడుగుదము" అనెను. నన్ను క్షమించినదో లేదో నాకు తెలియదు. మరునాడు ఆమె గోడకు క్యాలెండరు తగిలించి, అందు మందెక్కు దినములను ఎఱ్ఱసిరాతోను, టీకా దినములను నీలిసిరాతోను గుర్తుపెట్టినది. మా యత్తగారే ఇప్పుడు దానిని చూచి, "రేపు నీలిగుర్తు కదమ్మా" అని జ్ఞాపకము చేయుచున్నారు. ఫ్లూ టీకా వేయించుకొనుటలో డెబ్బదియెనిమిదేండ్ల ఆవిడయే మాకు ముందు నడచినది.

బావగారి రోగము పోలేదు. గడచిన స్కానులో పెరుగలేదని మాత్రము చెప్పిరి. సాయంకాలము వాకిట మరల ఎక్కములు వినబడుచున్నవి.

సోదరీమణులారా! మీ యింటనో, మీ పుట్టింటనో ఇట్టి చికిత్స పొందువారున్నచో ఈ పుట చదివి ప్రక్కన పెట్టక, రాబోవు దర్శనమున వైద్యుని రెండు ప్రశ్నలడుగుడు: "వీరికి ఏ టీకాలు, ఎప్పుడు? మా యింటివారికి ఏవి?" ఆయన చెప్పినదే నా మాటకంటె ప్రమాణము. వడియముల సంగతి వచ్చే నెలలో తప్పక వ్రాసెదను.